గొంతు వెళ్ళే దారి

సికింద్రాబాదు ఇంకా గంట ప్రయాణం ఉందనగా టీ అమ్మే కుర్రాడు మా పెట్టెలోకి వచ్చాడు. సగం మంది ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉన్నారు. వాడు అరవలేదు. మెడ నరాలు పొంగలేదు, ముఖం ఎర్రబడలేదు. క్యాన్ పట్టుకుని తాపీగా నడుస్తూ "టీ... చాయ్, టీ" అంటున్నాడు. అయినా ఆ మాట వాడికంటే ముందే మా బెర్తుల దాకా వచ్చేసింది. చక్రాల చప్పుడు, ఫ్యాన్ల రొద, ఎవరిదో గురక, ఏదీ దాన్ని ఆపలేదు. ఎదురు బెర్తు పెద్దాయన కళ్ళు తెరవకుండానే, "ముక్కుతో అరుస్తాడేమిట్రా" అని అటు తిరిగి పడుకున్నాడు.

ముక్కుతో అనే ఆ మాట గురించే నేను తెనాలి నుంచి బయల్దేరాను.

ఇరవై ఏళ్ళుగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. తరగతికి అరవై మంది పిల్లలు. మొదటి మూడు బల్లల వాళ్ళకు నా పాఠం బాగానే అందుతుంది. చివరి బల్లల వాళ్ళు మెల్లగా జారిపోతారు. గొంతు పెంచమని అందరూ చెప్పారు, పెంచాను. నాలుగో పీరియడ్‌కల్లా గొంతు బొంగురుపోయేది. "మీరు ముక్కుతో మాట్లాడతారు టీచర్, అందుకే వినపడదు" అని తోటి ఉపాధ్యాయిని ఒకరు మంచి మనసుతోనే అన్నారు. అంతకు చాలా ఏళ్ళ ముందు ఒక స్వర పరీక్షకు వెళ్తే, కాగితం సగం కూడా చదవకముందే "ముక్కు గొంతు, పనికిరాదు" అని పంపేశారు. అప్పుడు నా వయసు 22. ఆ మాట నాలోంచి పోలేదు. పిల్లలకు ఙ, ఞ, ణ, న, మ అనునాసికాలని చెప్పేటప్పుడల్లా, నోరూ ముక్కూ రెండూ కలిసి పలికేదే అనునాసికమని పాణిని చెప్పిన నిర్వచనం వివరించేటప్పుడల్లా, నా నోట్లో అన్ని అక్షరాలూ అవే అయిపోతున్నాయేమోనని అనుమానం వచ్చేది.

మా పిన్ని కొడుకు ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో సహాయకుడు. "అక్కా, ఒక్కసారి రా. మా మైకు ముందు నుంచో. మా సార్ రెండు నిమిషాల్లో చెప్పేస్తారు" అని ఏడాదిగా పోరుతున్నాడు. దసరా సెలవుల్లో కుదిరింది.

బేగంపేటలో దిగి మెట్రో ఎక్కాను. అమీర్‌పేట, మధురానగర్ దాటి యూసుఫ్‌గూడలో దిగితే తమ్ముడు మెట్ల కింద ఉన్నాడు. వాడి గది కృష్ణానగర్‌లో. సినిమాల్లో మనకు కనిపించే ముఖాల వెనక కనిపించని వాళ్ళు ఎంతమందో ఈ ఇరుకు సందుల్లో ఉంటారు: జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్ వాళ్ళు, అవకాశం కోసం వచ్చి ఏళ్ళకేళ్ళు ఉండిపోయిన వాళ్ళు. టిఫిన్ బండి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఇడ్లీ తింటూ ఒకే డైలాగును రకరకాలుగా చెప్పుకుంటున్నారు. ఒకడు గుండెల్లోంచి చెప్తున్నాడు, ఇంకోడు పెదవుల చివర. అక్కడ గొంతు అంటే కూలీ. దాన్ని వాళ్ళు ఎంత శ్రద్ధగా తోముకుంటారో చూస్తే, రోజూ ఆరు గంటలు గొంతుతోనే బతికే మా ఉపాధ్యాయులకు దాని గురించి ఎవరూ ఒక్క పూట కూడా చెప్పలేదని గుర్తొచ్చి బాధేసింది.

ఆటో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఆగింది. నాలుగు వైపుల నుంచీ హారన్లు. "ఫిల్మ్‌నగర్ల యాడికమ్మా?" అని డ్రైవర్ వెనక్కి తిరిగి అడిగాడు. తమ్ముడు చెప్పాడు. ఆయనకు వినపడలేదు. రెండోసారి వాడికి తెలియకుండానే గొంతు లేచింది, మాట సాగింది, నోరు పెద్దదైంది. చప్పుడులో మనిషి గొంతు తనంతట తానే పెరుగుతుందని ఫ్రాన్సులో ఎటియెన్ లొంబార్డ్ అనే వైద్యుడు 1911లో గమనించాడు. దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ సంగతి నాకు ఆ రోజు మధ్యాహ్నం తెలిసింది. చెక్‌పోస్ట్ దగ్గర మాత్రం కళ్ళతో చూశాను.

అక్కడి నుంచి దారి ఎక్కుడూ దిగుడూ. ఇళ్ళ మధ్య ఇంకా అక్కడక్కడా పెద్ద పెద్ద బండరాళ్ళు మిగిలి ఉన్నాయి. ఈ కొండలన్నీ రాళ్ళగుట్టలుగా ఉన్నప్పుడు అక్కినేని నాగేశ్వరరావు ఇటువైపు వచ్చి అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు. 1976 సంక్రాంతికి అది మొదలైంది. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్ వచ్చాయి. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా ఒక్కొక్క శాఖనే ఇక్కడికి తెచ్చుకుంది. డబ్బింగ్ గొంతులూ అలాగే వచ్చాయి. నేను కలవబోయే సౌండ్ ఇంజినీరు గారు కూడా కోడంబాకంలో పని నేర్చుకుని వచ్చినవారే.

థియేటర్ నేననుకున్నంత పెద్దది కాదు. మెట్లు దిగి, ఒకదాని వెనక ఒకటి రెండు మందపాటి తలుపులు తోసుకుని వెళ్ళాలి. రెండో తలుపు మూసుకోగానే చెవుల్లో దూది పెట్టినట్టయింది. గోడలకు గుడ్డ, నేలకు తివాచీ, ఎదుట తెర, మధ్యలో స్టాండుకు వేలాడే మైకు, దాని ముందు ఊపిరి తగలకుండా గుండ్రటి జాలీ. అద్దం అవతల ఇంజినీరు గారు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. "రండమ్మా, టీచరుగారని చెప్పాడు మావాడు" అని లేచి నిలబడ్డారు.

ఆ పూట జరగాల్సిన పని ఆగింది. ఒక పాత్రకు గొంతు ఇవ్వాల్సిన ఆయనకు జలుబు. మైకు దగ్గర రెండు ముక్కలు చెప్పి ఆయనే తల అడ్డంగా ఊపారు. "మామ" అంటే "బాబ" అని వినపడింది, "నేను" అంటే "దేదు" అని. ఆయన వెళ్ళాక ఇంజినీరు గారు నా వైపు చూసి, "జలుబు చేస్తే ముక్కుతో మాట్లాడుతున్నాడంటాం కదమ్మా. చూశారుగా, ఆయన ముక్కుతో మాట్లాడటం లేదు. ముక్కు మూసుకుపోయింది. ముక్కులోంచి రావాల్సినవే రాలేదు" అన్నారు. ఇరవై ఏళ్ళు వర్ణమాల చెప్పినదాన్ని, ఇంత చిన్న సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ముక్కు ఎక్కువ పలకడం ఒక లోపం, తక్కువ పలకడం దానికి పూర్తిగా ఎదురుగా ఉండే ఇంకో లోపం. మనం రెండింటికీ ఒకే పేరు పెట్టాం.

తర్వాత నన్ను మైకు ముందు నిలబెట్టారు. రెండు వాక్యాలు ఇచ్చారు. ఒకటి: "తాత తోటకి వెళ్ళి కాయలు కోసి తెచ్చాడు." ఇందులో అనునాసికం ఒక్కటీ లేదు. రెండోది: "మా అమ్మమ్మ మామని అన్నం తినమంది." ఇది దాదాపు అంతా ముక్కే. "మొదటిది మూడుసార్లు చెప్పండి. ఒకటి మీరు ఇంట్లో మాట్లాడినట్టు, ఒకటి తరగతిలోలా, ఒకటి వీధి చివరున్న మనిషిని పిలిచినట్టు. నేను చెయ్యి ఎత్తినప్పుడు ముక్కు రెండు వేళ్ళతో మూసి వదలండి."

ఇంట్లో మాట్లాడినట్టు చెప్పాను. వాక్యం మధ్యలో ముక్కు మూశాను. హెడ్‌ఫోన్లో నా గొంతు మారింది, ఎవరో డబ్బా మూత పెట్టినట్టు. అంటే ముక్కుకు పనే లేని వాక్యంలోనూ ముక్కులోంచి కొంత చప్పుడు పోతోందన్నమాట. తరగతిలోలా చెప్పాను. మారింది, కానీ కొంచెమే. మూడోసారి వీధి చివరికి పిలిచినట్టు చెప్తూ ముక్కు మూశాను. తేడా లేదు. మూసినా వదిలినా ఒకటే గొంతు.

అద్దం అవతల ఆయన నవ్వారు. "మీది ముక్కు గొంతు కాదమ్మా. నోరు తెరవని గొంతు."

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తున్నాను. గొంతులోంచి పైకొచ్చిన ధ్వనికి రెండు దారులు, నోరు, ముక్కు. ఆ రెండూ చీలే చోట, కొండనాలుక వేలాడే మెత్తని అంగిలి తలుపులా పనిచేస్తుంది. మ, న పలికేటప్పుడు అది కిందికి దిగి ముక్కు దారి తెరుస్తుంది. క, త, ప లాంటి వాటికి పైకి లేచి మూస్తుంది. మెల్లగా, అలసటగా మాట్లాడేటప్పుడు తలుపు పూర్తిగా బిగుసుకోదు. దానికి తోడు దవడ కదపకుండా, పళ్ళ మధ్య సందు లేకుండా మాట్లాడితే నోటి దారి ఇరుకు. ధ్వని సులువైన దారి వెతుక్కుంటుంది కాబట్టి ఆ కొంచెం సందులోంచే ముక్కులోకి ఎక్కుతుంది. గొంతు పెంచితే నోట్లో గాలి ఒత్తిడి పెరుగుతుంది, తలుపు గట్టిగా పడుతుంది, దవడ దిగుతుంది. నోటి దారి వెడల్పవుతుంది, ముక్కు వాటా తగ్గుతుంది.

ఈ వాటాను కొలిచే పరికరం కూడా ఉంది. ముక్కుకూ నోటికీ మధ్య ఒక పలక అడ్డంపెట్టి, పైనొక మైకు, కిందొక మైకు పెడతారు. మొత్తం ధ్వనిలో ముక్కు నుంచి వచ్చింది ఎంత శాతమో లెక్కవేస్తారు. 1970 ప్రాంతంలో అమెరికాలో శామ్యూల్ ఫ్లెచర్ ఈ పద్ధతి తెచ్చారు. చీలిన అంగిలితో పుట్టిన పిల్లలకు శస్త్రచికిత్స తర్వాత మాట ఎంత కుదిరిందో చూడటానికి దీన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఇంగ్లీషు మాట్లాడే మామూలు మనుషుల్లో, అనునాసికాలు లేని వాక్యాలకు ఆ శాతం సాధారణంగా 20 లోపు ఉంటుంది, అవే నిండిన వాక్యాలకు 60 దగ్గర. గొంతు పెంచినప్పుడు ఈ శాతం తగ్గడం కొందరు పరిశోధకులు చూశారు, కొందరికి పెద్ద తేడా కనిపించలేదు. మనిషిని బట్టి, వాళ్ళు గొంతు ఎలా పెంచుతారన్నదాన్ని బట్టి ఉంటుందని నాకనిపిస్తోంది. ఎందుకంటే ఇరవై ఏళ్ళు నేను పెంచాను కదా. నోరు తెరవకుండా, మెడ బిగించి పెంచాను. నాకు వచ్చింది బొంగురు.

పరికరాలేవీ లేకుండా చూసుకునే దారి ఒకటి ఆయన చూపించారు. పెదవులు మూసి "మ్మ్మ్" అనమన్నారు. ఇప్పుడు ఎంత వీలైతే అంత గట్టిగా అనమన్నారు. అన్నాను. పెరగదు! బలమంతా పెట్టినా ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. "ఆ" అని నోరు తెరిస్తే గది నిండింది. ముక్కు లోపలి గోడలు మెత్తగా, తడిగా, వంకరటింకరగా ఉంటాయి. ధ్వనిని అవి పీల్చేసుకుంటాయి. కాబట్టి ముక్కుతో గట్టిగా మాట్లాడటం అనేది మొదటి నుంచీ కుదరని పని.

అక్కడ నిలబడి మన పిలుపులన్నీ తలుచుకున్నాను. పొలం గట్టు మీంచి "ఓయ్", "ఏయ్", "హో". అన్నిట్లోనూ సాగేది అచ్చే, అన్నీ తెరిచిన నోరే. దెబ్బ తగిలిన పిల్లవాడు "అమ్మా" అని అరిస్తే, మ మీద క్షణమైనా ఆగడు, వాడి బలమంతా ఆ చివరి దీర్ఘంలోనే ఉంటుంది. తిరుమల మెట్ల మీద "గోవిందా" అన్నప్పుడు కొండ పలికేది దీర్ఘానికి, మధ్య సున్నకు కాదు. ఓంకారం ఓ దగ్గర నిండుగా ఉండి, మకారంలోకి వచ్చేసరికి సన్నగిల్లి లోపలికి వెళ్తుంది. ఎవరూ నేర్పకుండానే మన భాష ఈ లెక్క తెలుసుకుని ఉంది.

మరి టీ కుర్రాడో? ఆ పెద్దాయన ముక్కుతో అరుస్తున్నాడన్నాడే, అంత దూరం ఎలా వచ్చింది? అడిగాను. ఇంజినీరు గారు సమాధానం చెప్పకుండా, వెనక కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న పెద్దామెను పిలిచారు. "అక్కా, ఈమెకు మీ గయ్యాళి గొంతు ఒకసారి వినిపించండి." ఆమె నలభై ఏళ్ళుగా అత్తలకు, పక్కింటి వాళ్ళకు, కుళాయి దగ్గర కొట్లాడే ఆడవాళ్ళకు గొంతు ఇస్తున్నారట. నించుని, చీర కొంగు సర్దుకుని, "తాత తోటకి వెళ్ళి కాయలు కోసి తెచ్చాడు" అని నా వాక్యమే అన్నారు. సన్నగా, పదునుగా, కత్తి దూసినట్టు. నేను కళ్ళు మూసుకుంటే అచ్చం ముక్కు గొంతే. తర్వాత రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకుని మళ్ళీ అదే అన్నారు. ఒక్క వీసం కూడా మారలేదు.

"ముక్కు కాదు తల్లీ. ఇదిగో ఇక్కడ" అని గొంతు ముడి పైన వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ సన్నం చేస్తా. సన్నటి సందులోంచి గాలి ఈల వేసినట్టు. పిల్లప్పుడు నాటకాల్లో నేర్చుకున్నా. మైకులేని ఊళ్ళు, వెయ్యి మంది జనం. అరిస్తే రెండో అంకానికి గొంతు ఉండదు. ఇట్లా చెబితే తెల్లారే దాకా ఉంటుంది."

స్వరతంత్రులకు సరిగ్గా పైన ఉండే గొట్టం లాంటి సందును ఇరుకు చేస్తే ధ్వనిలో 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల బలం చేరుతుంది. మన చెవి అన్నిటికంటే బాగా పట్టుకునేది ఆ ప్రాంతాన్నే. స్వీడన్‌లో యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో ఒపేరా గాయకుల గొంతుల్లో ఈ మెరుపును వివరించారు. వాద్యబృందం మొత్తాన్ని దాటి ఒక్క గొంతు హాలు చివరికి చేరేది దానివల్లే. కొలతలేవీ లేకుండానే, మన ఊళ్ళలో బతుకు కోసం గొంతు వాడే ఎంతోమందికి ఆ విద్య చేతికి అందింది. 1885లో మొదలైన సురభి నాటకాల్లో తరతరాలుగా పెరిగిన వాళ్ళకు, హరిశ్చంద్ర పద్యం ఊరి చివరి పందిరి దాకా పంపిన నటులకు, రైల్లో టీ అమ్మే కుర్రాడికి. వినేవాళ్ళకు మాత్రం అది కూడా ముక్కే. ఇరుకు గొంతు, మూసుకున్న ముక్కు, తెరవని నోరు, నిజంగా తెరుచుకున్న ముక్కు దారి. నాలుగు వేర్వేరు సంగతులను "ముక్కు" అనే ఒక్క మాటతో కట్టిపడేశాం. ఆ ఒక్క మాటతోనే నన్ను 22 ఏళ్ళ వయసులో బయటికి పంపారు. ముక్కు మూసి చూడమని ఆ రోజు ఎవరైనా ఒక్కరు అని ఉంటే.

మధ్యాహ్నం భోజనానికి ముందు నా రెండో వాక్యాన్ని విన్నాం. అందులో ఇంకో విషయం బయటపడింది. మెల్లగా చెప్పినప్పుడు నా "మామ" మామ కాదు. పెదవులు కలవనే లేదు. రెండో మ వకారంలా జారి, దానికి ముక్కు తోడైంది. "అన్నం" చివర కూడా అంతే. పూర్తి మకారం లేదు, ముక్కు పట్టిన వకారం లాంటిదేదో గాలిలో తేలింది. మన మామూలు మాటల్లో ఇలా జారడం తప్పు కాదు, తెలుగు నోటికి అది సహజం. అరసున్న రాతలోంచి వెళ్ళిపోయిందని పిల్లలకు చెబుతాం గానీ, నోటిలోంచి ముక్కుపట్టిన ధ్వని పూర్తిగా వెళ్ళిపోలేదు. అదే వాక్యాన్ని వీధి చివరికి పిలిచినట్టు చెప్పినప్పుడు పెదవులు ఠక్కున కలిశాయి, మ స్పష్టంగా పడింది. గొంతు స్థాయితో పాటు అక్షరమే మారిపోయింది. ఇది నేను తరగతిలో చూపించి తీరాలి అనుకున్నాను.

ఇంజినీరు గారికి మాత్రం మెల్లటి గొంతుల మీద వేరే బెంగ ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే ఆ లెక్కతో పనిలేదు, గుసగుస కూడా హాలు నిండుతుంది. దాంతో ఇప్పుడు అందరూ సన్నగానే చెప్పమంటున్నారట. సన్నగా చెప్పేటప్పుడు నోరు మూసుకుంటుంది, ముక్కు పైకొస్తుంది, ఒత్తులు పోతాయి. "బాలు గారు దశావతారం తెలుగులో కమల్ హాసన్ వేషాల్లో ఏడింటికి గొంతు ఇచ్చారు. ముసలావిడ పాత్రకి కూడా. వాటిలో తగ్గు గొంతులున్నాయి, ఒక్క అక్షరం పోలేదు. అరుంధతిలో పశుపతికి రవిశంకర్ చెప్పింది చూడండి, అది ఇంకో కొస. గొంతు ఎంత లేచినా మాట చిట్లదు. తగ్గించడం వేరు, మూసెయ్యడం వేరు." ఆయన చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మెల్లగా మాట్లాడటం కళే. నోరు తెరిచి మెల్లగా మాట్లాడటం.

సాయంత్రం బయటికొచ్చేసరికి ఫిల్మ్‌నగర్ రోడ్ల మీద దీపాలు వెలిగాయి. తమ్ముడు నా మూడు టేకులూ ఫోన్‌కు పంపాడు. బేగంపేట ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదటిది, ఇంట్లో మాట్లాడినట్టు చెప్పినది, రెండుసార్లు విన్నాక ఆ గొంతు ఎవరిదో తెలిసింది. అది మా అమ్మది. మా ఇంట్లో ముందు వసారాలో మగవాళ్ళు కూర్చునేవారు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, తల వంచి, పళ్ళు విడకుండా మాట్లాడేది. ఆడదాని మాట గడప దాటకూడదని నాయనమ్మ రోజూ అనేది. నేను ఏ కొంచెం గొంతు పెంచినా అమ్మ చెయ్యి నా భుజం మీద పడేది. నాకు అంగిలిలో లోపం లేదు. నేను అమ్మ దగ్గర మాట నేర్చుకున్నాను, అంతే. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమె గొంతు రికార్డు మా దగ్గర ఒక్కటీ లేదని ఏడ్చిన రోజులున్నాయి. ఆ టేకు చెరపను.

రైలు కదిలాక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చక్రాల మోత, గాలి హోరు. దవడ వదిలి, మెడ బిగించకుండా, "తాత తోటకి వెళ్ళి కాయలు కోసి తెచ్చాడు" అన్నాను. ముక్కు మూసి ఒకసారి, వదిలి ఒకసారి. నీళ్ళ బాటిల్ కోసం వచ్చిన ఒక పెద్దావిడ ఆగి, "ఎవరినైనా పిలుస్తున్నావా అమ్మా?" అని అడిగింది.

"లేదండీ, పాఠం చూసుకుంటున్నాను" అన్నాను. ఆ హోరులోనే ఆవిడకు మొదటిసారే వినపడింది.